బువ్వ తినే మట్టి

బెల్లంపల్లి దాటాక, రోడ్డుకు దూరంగా, మూతబడిన ఒక బొగ్గుబాయి ఉంది. అక్కడివాళ్ళు గనిని బాయి అనే అంటారు. దాని పేరు రాయను. కింద బొగ్గు తీసిన మేర పైన నేల కుంగి నెర్రెలు పట్టింది. గోడలు కట్టి మూసేసిన సొరంగాల్లో మిగిలిపోయిన బొగ్గు తనంతట తాను రాజుకుని, కొన్ని దశాబ్దాలుగా మండుతూనే ఉంది. ఎండాకాలం మధ్యాహ్నం పోతే ఏమీ కనిపించదు. చలికాలం పొద్దున పోతే మాత్రం తుమ్మచెట్ల మధ్య నేలలోంచి తెల్లటి ఆవిరి లేస్తుంటుంది. చుట్టుపక్కల గడ్డి ఎండినా నెర్రెల అంచున పచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనానికి ఊరకుక్కలు వచ్చి పడుకుంటాయి. ఒక్క నెర్రె దగ్గరికి మాత్రం అవి పోవు.

నేను పత్రికలో పనిచేసిన రోజుల్లో ఆ నేల గురించి చాలాసార్లు రాశాను. ఈమధ్య, ఉద్యోగం మానేశాక, మళ్ళీ పోవలసి వచ్చింది. ఈసారి వార్త కోసం కాదు. కరీంనగర్‌లో మా వీధిలో ఒక కుటుంబానికి బట్టల దుకాణం ఉంది. ఇంట్లో వాళ్ళు ఉర్దూ మాట్లాడతారు, దుకాణంలో తెలుగు. ఆ ఇంటి అమ్మాయి ఒక కాలేజీ ప్రయోగశాలలో పరిశోధన చేస్తుంది. నన్ను చాచా అంటుంది. వేడిని తట్టుకునే బాక్టీరియా కోసం వెతుకుతోంది. సిరిసిల్ల మగ్గాల మీద నూలు తెగకుండా దానికి గంజి పట్టిస్తారు. బట్టకు రంగు ఎక్కాలంటే ముందు ఆ గంజి వదలాలి. గంజిని కరిగించే ఎంజైమును కొన్ని బాక్టీరియాలు తయారు చేసుకుంటాయి. అయితే మామూలు ఎంజైము సలసల కాగే నీళ్ళలో గుడ్డు తెల్లసొనలా ఉడికి చచ్చుబడిపోతుంది. వేడిలోనే పుట్టి పెరిగిన బాక్టీరియా దొరికితే దాని ఎంజైము అలా పాడవదు. ఆమె నాకు ఇలా చెప్పింది, నేను ఇలా అర్థం చేసుకున్నాను.

అడవుల్లో ఉన్న వేడినీటి ఊటలన్నీ తిరిగి వచ్చింది. అక్కడ దొరికినవేవీ ఆమెకు నచ్చలేదు. ఒక రోజు మా అరుగు మీద కూర్చుని, "చాచా, మీరు జిల్లాలన్నీ తిరిగిండ్రు గద. నేల కాలే జాగ ఏదన్నా ఉన్నదా?" అని అడిగింది. ఉందన్నాను.

మేం పోయిన పొద్దున చలి బాగా ఉంది. ఆమె చేతిలో పొడవాటి థర్మామీటరు, చిన్న తాపీ, మట్టిని వేడిగానే తేవడానికి ఇంట్లోంచి పట్టుకొచ్చిన చాయ్ ఫ్లాస్కు. కంచె దగ్గర మఫ్లరు చుట్టుకున్న గార్డు అనుమతి కాయితం చూసి లోపలికి పోనిచ్చాడు. ఒక్కో నెర్రెలో థర్మామీటరు దించుతూ, చదువుతూ ముందుకు పోయింది. కుక్కలు తలెత్తి చూసి మళ్ళీ పడుకున్నాయి. అవి పోని నెర్రె దగ్గర ఆగి, నన్ను పిలిచింది.

నెర్రె నోట్లో ఒక మట్టి మూకుడు సగం వరకు దిగబడి ఉంది. దాని నిండా పలుచటి, తెల్లని నీళ్ళు. వంగి చూస్తే అడుగున మెతుకుల పైపొరలు మాత్రం తేలుతున్నాయి, లోపలిది ఎవరో పీల్చేసినట్టు. ఈగ లేదు, చీమ లేదు. పులిసిన వాసన రాలేదు. చెరుకురసం కాగేటప్పుడు మొదట వచ్చే వాసన వచ్చింది.

ఆమె చేయి చాచింది. వెనక నుంచి గార్డు కేకేశాడు.

"ముట్టకు బిడ్డా! అది ఒక మనిషి కంచం."

"ఎవలిది?"

"కిందున్నోనిది."

గార్డు నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. కంచెకు ఆనుకుని చెప్పాడు. చాలా ఏళ్ళ కింద ఈ బాయిలో మంట లేచింది. లోపలున్నవాళ్ళంతా పైకి వచ్చారు, ఒక్కడు తప్ప. అతడు పనిచేస్తున్న వైపు పైకప్పు కూలింది. రెస్క్యూ వాళ్ళు పోగలిగినంత దూరం పోయారు. గాలి చెడిపోయి వెనక్కి వచ్చారు. మంట పాకకుండా గోడ కట్టేశారు. అతడు గోడకు అవతల ఉండిపోయాడు. ఆ వార్త నాకు గుర్తే. కరీంనగర్ డెస్కులో నా చేతి మీదుగానే పోయింది. అతడికి భార్య ఉందని అందులో ఒక ముక్క ఉంది. ఆమె ఇంకా ఇక్కడికి వస్తోందని మాత్రం నాకు తెలియదు.

"అమాస అమాసకు బువ్వ తెస్తది," అన్నాడు గార్డు. "నిన్న అమాస. తెల్లారి వచ్చి చూసుకుంటది, గిట్ల నీళ్ళయి ఉంటది. నేను గూడ నమ్మలే సారూ. నా టిఫిన్‌ల బువ్వ తీసి గా పక్క నెర్రెల వెట్టిన. ఎండి గులకరాళ్ళయింది. నా పెండ్లాం తిట్టింది, బువ్వతోని ఆటలేందిరా అని."

"పెండ్లాం 'రా' అంటదా నిన్ను?" అంది అమ్మాయి.

"కోపమొస్తే అంటది. రాకపోయినా అంటది."

నవ్వుకున్నాం. ఆ నవ్వు ఆ నేల మీద ఎక్కువసేపు నిలవలేదు.

అతడి భార్య పొద్దెక్కాక వచ్చింది. నస్పూర్ క్వార్టర్లలో కొడుకు దగ్గర ఉంటుందట. బస్సు దిగి, తుమ్మచెట్ల మధ్యగా, అడుగు ఎక్కడ వెయ్యాలో చూసుకోకుండానే వచ్చేసింది. గట్టి మనిషి, తెల్లబడిన జుట్టు. మమ్మల్ని చూసి ఆగింది. మూకుడులోని నీళ్ళు నెర్రెలోకే ఒంపి, దాన్ని కడగకుండా, తుడవకుండా మళ్ళీ అలాగే పెట్టింది.

"కడగవా అమ్మా?" అని అమ్మాయి అడిగింది.

"ఎట్ల కడుగుత బిడ్డా? ఆయన తిన్న కంచం. ఆయన ఉన్నప్పుడు గూడ ఆయన తిన్నంక అండ్లనే నేను తినేదాన్ని. కడిగితే ఎంగిలి పోతది. ఎంగిలి పోతే ఇంకేం మిగిలింది?"

అమ్మాయి నా వైపు చూసింది. అప్పుడు ఆ చూపుకు అర్థం తెలియలేదు.

తాను ఎందుకు వచ్చిందో అమ్మాయి దాచకుండా చెప్పింది. ఈ మట్టిలో కంటికి కనబడని జీవులు ఉన్నాయేమో చూస్తాననీ, గుప్పెడు మట్టి కావాలనీ అడిగింది. ముసలామె మూకుడు వైపు చూసింది. ఆవిరి ఆమె చీర కుచ్చెళ్ళ చుట్టూ తిరుగుతోంది.

"తవ్వుతవా?"

"తవ్వ. మీదిమీద జర తీసుకుంట."

"తీసుకపోయి ఏం జేస్తవ్?"

"బతికిస్త. బువ్వ పెడ్త. ఏం తింటదో చూస్త."

ఆ మాట ఆమెకు నచ్చినట్టుంది. "సరే, తీసుకపో. గని ఆకలికి ఉంచకు. ఏం కనబడ్డదో నాకు వచ్చి చెప్పు. అబద్ధం చెప్పకు," అంది.

ఫ్లాస్కు బిగించి బస్సెక్కాం. దారి పొడుగునా అమ్మాయి దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్క సీటామె "చాయ్ ఉన్నదా బిడ్డా, జర పోస్తవా?" అని అడిగితే, "నక్కో అమ్మా, మందు ఇది," అంటూ ఇంకా దగ్గరికి పొదువుకుంది.

కొన్నాళ్ళకు ప్రయోగశాలకు రమ్మని ఫోన్ చేసింది. గాజు మూతల కింద గంజి కలిపిన జిగురు పొర మీద వాటిని పెంచింది. అరవై అయిదు డిగ్రీల వేడి పెట్టెలో, చేయి పెడితే కాలే చోట, అవి చిన్న చిన్న చుక్కలుగా మొలిచాయి. నా కళ్ళ ముందు ఆ పొర చల్లారాక దాని మీద అయోడిన్ పోసింది. గంజి ఉన్నంత మేరా నల్లనీలం రంగు తిరిగింది. ఒక్కో చుక్క చుట్టూ మాత్రం రంగు ఎక్కని తెల్లటి వలయం మిగిలింది. ఆ నలుపులోంచి కళ్ళు తెరిచి చూస్తున్నట్టుంది.

"గా తెల్లగున్న జాగల గంజి లేదు చాచా. తినేసినయి."

"పక్క నెర్రెలో?"

"దాంట్ల గూడ వేడికి బతికేటియి ఉన్నయి. గంజి తినేటియి మాత్రం లేవు." కుర్చీలో కూలబడింది. "మీకు సమజయిందా? గా అమ్మ ఇన్నేండ్లు ఒక్క జాగల బువ్వ పెట్టుకుంట వచ్చింది. కంచం కడగలే. బువ్వ తినేటియి మిగిలినయి, మిగిలినయి పెరిగినయి. నేను అడవులన్నీ తిరిగి వెతికినదాన్ని ఆమె పెంచింది."

సంతోషించవలసిన మాట. కానీ అమ్మాయి చేతి మీద రోమాలు లేచి ఉన్నాయి. నాకూ అంతే. శాస్త్రం తెలియనప్పుడు ఆ మూకుడు ఎంత భయపెట్టిందో, తెలిశాక అంతకన్నా ఎక్కువ భయపెట్టింది. ఆ చీకట్లో నిజంగానే ఏదో ఇన్నేళ్ళూ ఆ ముసలామె చేతి వంట తిని బతికింది.

చెప్పడానికి పోయాం. నస్పూర్‌లో క్వార్టర్ వెనక, బొగ్గుల పొయ్యి పక్కన పీట వేసి కూర్చోబెట్టింది. ఇంట్లో గ్యాసు ఉన్నా ఆ పొయ్యి ఆరనివ్వదట. అమ్మాయి ఫోన్‌లో ఫోటోలు చూపించి, నెమ్మదిగా, ఏదీ దాచకుండా చెప్పింది. ముసలామె అంతా వింది. చివర ఒక్కటే అడిగింది.

"అయితే ఆయన కాదా?"

అమ్మాయి ఫోన్ పక్కన పెట్టింది. "బువ్వ నీళ్ళు చేసేటియి ఇవే అమ్మా. గంత వరకే నాకు తెలుసు."

"ఇవి ఏడికెళ్ళి వచ్చినయి?"

"మట్టిల ఉంటయి. కిందికెళ్ళి ఆవిరితోని గూడ రావచ్చు."

"కిందికెళ్ళి," కింది నుంచే అన్నట్టు, ముసలామె మెల్లగా అనుకుని, చాయ్ పెట్టడానికి లేచింది. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. అమావాస్యకు బువ్వ తీసుకుపోవడం మాత్రం మానలేదని గార్డు చెప్పాడు.

వానాకాలం చివర గార్డే ఫోన్ చేశాడు. నెర్రెలన్నీ మట్టి పోసి మూసేస్తున్నారని, పెత్రమాస ముంగటనే పని అయిపోతుందని. పెత్రమాస అంటే పెద్దలకు బియ్యం ఇచ్చే అమావాస్య. చచ్చిపోయిన వాళ్ళకు ఇష్టమైనవి వండి పెట్టని ఇల్లు మా వైపు ఉండదు. ఆ రోజుకు ముసలామెకు పెట్టే చోటు ఉండదు.

మేం పోయేసరికి టిప్పర్లు వచ్చి ఎర్రమట్టి పోస్తున్నాయి. ఆమె ఆ నెర్రె దగ్గరే నిలబడి ఉంది. ఏడవడం లేదు, అరవడం లేదు. బండి ముందుకు రాకుండా నిలబడింది, అంతే. చిన్న వయసు ఆఫీసరు టోపీ తీసి చేత్తో పట్టుకుని బతిమాలుతున్నాడు.

"అవ్వా, ఈ నెర్రెల కెళ్ళి గాలి లోపలికి పోతున్నది. గాలి పోతే మంట పెరుగుతది. ఇంకా కొంచెం పెరిగితే ఊరి కిందికి వస్తది. నీ కొడుకు అసొంటోళ్ళ ఇండ్లున్నయి గక్కడ."

"గాలి పోవద్దు అంటవు."

"హౌ అవ్వా. పోవద్దు."

"అప్పుడు గూడ గిదే మాట అన్నరు," అంది. "గోడ కట్టేటప్పుడు. గాలి పోవద్దు అని."

ఆఫీసరు టోపీ చేతులు మార్చుకున్నాడు. అతడు పుట్టకముందు మాట అది. తప్పు చెప్పడం లేదు కూడా. ఆమెకూ తెలుసు. వంగి మూకుడు పైకి తీసింది. అడుగున అంటిన మట్టితో సహా కొంగులో చుట్టుకుని పక్కకు జరిగింది. మట్టి పడుతున్నంతసేపూ నెర్రెలోంచి సన్నగా, ఈల లాంటి చప్పుడు వచ్చింది. ఇంకో టిప్పరు పోశాక అది ఆగింది. అప్పటిదాకా పడుకుని ఉన్న కుక్కలు లేచి, ఒకదాని వెనక ఒకటి, ఊరి వైపు పోయాయి.

పెత్రమాసకు ముందు రోజు మధ్యాహ్నం ఆమె ఒక్కతే బస్సెక్కి కరీంనగర్ వచ్చింది. మా ఇల్లు వెతుక్కుని, చెప్పులు విడవకుండా గుమ్మంలోనే నిలబడింది. చేతిలో గుడ్డ కట్టిన మూకుడు. గుడ్డ విప్పకముందే వాసన కొట్టింది. బాగా పులిసి కుళ్ళిన వాసన.

"సంపిన అన్నా," అంది. "నేనే సంపిన."

ప్రయోగశాలకు తీసుకుపోయాను. అక్కడ చెప్పింది. ఇంటికి తెచ్చాక, పాలకు తోడేసిన గిన్నెను ఎలా ఉంచుతారో మూకుడును అలా ఉంచింది. బొగ్గుల పొయ్యికి జానెడు దూరంలో, మెత్తటి గుడ్డ చుట్టి, నులివెచ్చగా. బువ్వ వేసింది. రెండో రోజుకు పులిసింది. మళ్ళీ వేసింది. బూజు పట్టింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ పులియని బువ్వ.

"నా చేతుల్నే పాడయిండు. రేపు పెత్రమాస. అందరు పెద్దలకు పెడ్తరు. నేను ఎవలికి పెట్టాలె?"

అమ్మాయి మూకుడు అందుకుని, వాసన చూసి, పక్కన పెట్టింది. "అమ్మా, నువ్వు చల్లగ ఉంచినవ్. గా వెచ్చదనం మనకు బాగుంటది, వీటికి చలి. చెయ్యి కాలాలె, అప్పుడే ఇవి లేస్తయి. చలికి ఇవి పండుకున్నయి, వేరేటియి వచ్చి తిన్నయి. నువ్వు సంపలే. రా, చూపిస్త."

వేడి పెట్టె తలుపు తెరిచింది. లోపల పళ్ళెం మీద గాజు సీసాలు బిగించి ఉన్నాయి. ఆ పళ్ళెం ఆగకుండా గుండ్రంగా ఊగుతోంది. సీసాల్లో మబ్బు పట్టిన నీళ్ళు గోడల మీదికి ఎక్కి దిగుతున్నాయి. ముసలామె దగ్గరికి పోయి చూసింది. సెగకు మొహం తిప్పుకోలేదు.

"ఎందుకు ఊపుతున్నవ్?"

"గాలి కోసం. ఊపకుంటే గాలి అందది. ఊపిరాడది."

ముసలామె పెట్టె అంచు పట్టుకుంది. అమ్మాయికి తానేం అన్నదో అప్పుడు తెలిసింది. ఇద్దరూ కదలలేదు. సీసాలు మాత్రం ఊగుతున్నాయి.

"దినమంతా ఇస్తవా గాలి?"

"దినమంతా."

"కరెంటు పోతే?"

"జనరేటర్ ఉన్నది అమ్మా. ఫికర్ చెయ్యకు."

ముసలామె సంచిలోంచి టిఫిన్ తీసింది. రేపటి బువ్వ ఈ రోజే వండుకుని తెచ్చింది. అమ్మాయి దాంట్లోంచి కొంచెం తీసుకుని, వేడినీళ్ళలో మెదిపి గంజి చేసి, ఒక సీసాలో పోసింది. ఉండుండి ఒక్కో చుక్క తీసి తెల్లటి పింగాణీ పలక మీద వేసి, చల్లారనిచ్చి, పక్కన అయోడిన్ చుక్క కలిపింది. మొదటిది కాటుకలా నల్లబడింది. తర్వాతది నేరేడు రంగు. ఆ తర్వాతది ఎరుపు. చివరిది పోసిన అయోడిన్ రంగులోనే, పలుచగా, పసుపుపచ్చగా ఉండిపోయింది. మేం ముగ్గురం పలక మీదికి వంగి చూశాం. ఆ వరుస చుక్కలు ఎవరో మెల్లగా, తీరిగ్గా తింటున్న చప్పుడులా అనిపించాయి నాకు. చప్పుడు ఎక్కడా లేదు.

"అయిపోయిందా?"

"అయిపోయింది అమ్మా. బువ్వ మిగల్లే."

కొంగుతో మొహం తుడుచుకుంది. అమ్మాయి ఏదో తేల్చుకున్నట్టు, ఒక చిన్న సీసా తీసి, "కావాలంటే తీసుకపో. పొయ్యి మీదనే, కాలే జాగల ఉంచాలె," అంది.

ముసలామె చేయి ముందుకు వచ్చి ఆగిపోయింది.

"వద్దు బిడ్డా. నేను పోయినంక నా పొయ్యి ఆర్పుతరు. ఈడ్నే ఉండనియ్యి." ఇంటి మనిషిని అప్పజెప్పి పోతున్నట్టు అడిగింది. "దినాం ఏం పెడ్తవ్?"

"గంజి పొడి. ఆలుగడ్డతోని చేసింది, డబ్బాల వస్తది."

"ఆలుగడ్డా?" గొంతు లేచింది. "ఆయనకు ఆలుగడ్డ పడది బిడ్డా! వాతం చేస్తది. ఒక్కనాడు ముట్టలే. గిన్ని దినాలు ఆలుగడ్డ పెట్టినవా?"

అమ్మాయి నవ్వబోయి ఆగింది. "పెట్ట అమ్మా," అంది. "ఇగ ఎన్నడు పెట్ట."

అది జరిగి చాలా కాలమైంది. సిరిసిల్లలో ఆ ఎంజైముతో బట్ట ఉడికించి చూశారు. కాగే నీళ్ళలో కూడా గంజి పూర్తిగా వదిలిందని, రంగు సమంగా ఎక్కిందని అమ్మాయి చెప్పింది. తన పేరుతో వ్యాసం వచ్చింది. ప్రతి అమావాస్యకు ముందు నస్పూర్ నుంచి బస్సు డ్రైవరు చేతికిచ్చి ముసలామె బియ్యపు పిండి పంపుతుంది. ఆ పిండితోనే ఆ సీసాలను పెంచుతున్నారు.

పోయిన వారం ప్రయోగశాలకు పోయాను. ఆలుగడ్డ పొడి చవక గదా, తేడా ఏమన్నా ఉందా అని మాటవరసకు అడిగాను.

"తెల్వది చాచా."

"పోల్చి చూడలేదా? మీ పనే అది కదా."

పెట్టె తలుపు తెరిచి, ఊగుతున్న పళ్ళెం మీద సీసాలు గట్టిగా ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ తడిమి చూసింది.

"చూడలే," అంది, నా వైపు తిరగకుండా. "ఒకటి రెండు సార్లు ఆలుగడ్డ డబ్బా చేతికి తీసుకున్న. మళ్ళ పెట్టేసిన."